పిక్కల కోసం వెళ్లి చూసిన బెనిన్

పలాస, కాశీబుగ్గల్లో ఏ జీడి ఫ్యాక్టరీ గొడౌన్‌లోకి వెళ్లినా చాలా బస్తాల మీద ఫ్రెంచి అక్షరాలు కనిపిస్తాయి. చిన్నప్పుడు వాటి మీద ఎక్కి ఆడుకున్నవాడినే గానీ అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఏనాడూ అడగలేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా ఉద్దానం తోటల్ని వేళ్లతో సహా పీకేసింది, మా నాన్న ముప్ఫై ఏళ్లు పెంచిన జీడిచెట్లు ఒక్క రాత్రిలో పడుకున్నాయి, ఆ తర్వాత నేను జీడిపిక్కలు దిగుమతి చేసే ఒక వ్యాపారి దగ్గర సరుకు చూసే పనిలో చేరాను, ఆయన నన్ను 2022, 2023 సీజన్లకి బెనిన్ పంపాడు. అంటే నాన్న పిక్కలు పండించే రైతు, కొడుకు ఆ పిక్కల ధర పడగొట్టే విదేశీ సరుకు కొనేవాడు. ఈ ముక్క ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు. "ఆఫ్రికా వెళ్లొచ్చావంట కదా, ఎలా ఉంటుందేంటి" అని అడిగిన ప్రతివాడికీ మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక ఇదంతా ఒకచోట రాస్తున్నా.

ముందు ఆఫ్రికా మొత్తం కాదు, బెనిన్. నైజీరియాకి పడమటి పక్కన నిలువుగా ఉంటుంది, దక్షిణాన 120 కిలోమీటర్ల సముద్రతీరం, ఉత్తరాన నైజర్ నది. విస్తీర్ణం 1,14,763 చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణ కంటే రవ్వంత పెద్దది, జనం మాత్రం 1.4 కోట్లకి అటూ ఇటూ. పేరుకి రాజధాని పోర్తో-నోవో, ప్రభుత్వం, పోర్టు, డబ్బు అన్నీ కొతొనూలో. మ్యూజియాల్లో పేరు మోగిపోయే 'బెనిన్ కంచు బొమ్మలు' వీళ్లవి కావు, అవి నైజీరియాలో ఉన్న బెనిన్ అనే ఊరివి. ఈ దేశం అసలు పేరు దహోమీ, 1975లో మార్చుకున్నారు. ఈ తికమకతో నేను మొదటి వారంలోనే మా డ్రైవర్ దగ్గర పరువు పోగొట్టుకున్నాను.

ఎల్లో ఫీవర్ టీకా కార్డు పట్టుకుని అడిస్ అబాబా మీదుగా కొతొనూలో దిగితే మొదట కళ్లల్లో పడేవి మోటార్ సైకిళ్లు. పసుపు చొక్కాలు వేసుకున్న బైక్ ట్యాక్సీవాళ్లు వేలకి వేలు, వీళ్లని జెమిజాన్ అంటారు, ఫోన్ భాషలో 'నన్ను తొందరగా తీసుకుపో' అని అర్థం. (ఫోన్ అంటే సెల్‌ఫోన్ కాదండోయ్, దక్షిణాన ఎక్కువమంది మాట్లాడే భాష పేరే ఫోన్.) డిగ్రీ చదివి ఉద్యోగం లేక జెమిజాన్ నడిపేవాళ్లు ఎంతమంది తగిలారో. ఆ బళ్లకి పెట్రోల్ ఎక్కడ కొడతారంటే బంకులో కాదు, రోడ్డు పక్కన బల్ల మీద. పాత మందు సీసాల్లో, బోర్లించిన కుండంత గాజు బుడ్డీల్లో పసుపుగా మెరుస్తూ ఉంటుంది, దాన్ని క్పాయో అంటారు, నైజీరియాలో అప్పట్లో సబ్సిడీ మీద చవగ్గా దొరికిన పెట్రోల్‌ని దొంగదారిన సరిహద్దు దాటించిన సరుకు. మొదటిసారి చూసి తేనె అమ్ముతున్నారేమో అనుకున్నాను, నిజం.

2023 మే ఆఖర్లో నైజీరియా కొత్త ప్రెసిడెంట్ ప్రమాణ స్వీకారం చేసిన రోజే సబ్సిడీ ఎత్తేస్తున్నామన్నాడు. మేమప్పుడు పరాకు అనే ఊళ్లో సీజన్ ఆఖరి లోడ్లు ఎక్కిస్తున్నాం. మరో దేశంలో ఒకాయన మైకు ముందు ఒక మాట అంటే ఇక్కడ సీసా రేటు చుక్కలనంటింది, పల్లెల్నుంచి బస్తాలు తెచ్చే బళ్ల కిరాయి పెరిగింది, ఆ బరువంతా చివరికి పిక్కల రైతు రేటు మీద పడింది. ఆ ఏడాదే సెప్టెంబర్‌లో సరిహద్దు ఊరు సేమే-క్రాకేలో ఇలాంటి పెట్రోల్ నిల్వ అంటుకుని ముప్ఫై మందికి పైగా కాలిపోయారు. అయినా బల్లల మీద సీసాలు అలాగే ఉన్నాయి, ఎందుకంటే వాటి మీద బతికే ఇళ్లు అన్నున్నాయి.

నాకు అర్థమైనంతవరకు బెనిన్ సంపాదన ఇలాంటిదే, దారి మీద సంపాదన. పక్కన ఇరవై కోట్లు దాటిన జనంతో నైజీరియా ఉంది, పైన సముద్రం లేని నైజర్ ఉంది, మధ్యలో కొతొనూ పోర్టు. యూరప్ నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ కార్లు ఇక్కడ దిగి నైజీరియా వెళ్తాయి. బియ్యం కూడా అంతే. ఇక్కడ మనకి నేరుగా సంబంధం ఉంది, కాకినాడలో లోడయ్యే ఉప్పుడు బియ్యం, నూకల్లో బోలెడంత వెళ్లేది ఈ పశ్చిమ ఆఫ్రికా తీరానికే. 2024 చివర్లో 'సీజ్ ద షిప్' అని టీవీలన్నీ ఊగిపోయాయి కదా, ఆ ఓడ కూడా పశ్చిమ ఆఫ్రికా బియ్యం ఓడే. కొతొనూ బజార్లో బస్తా మీద 'ఇండియా' అని చూసి నేను మురిసిపోతుంటే మా డ్రైవర్ నవ్వి, ఇందులో సగం ఇక్కడెవరూ తినరు, రాత్రికి సరిహద్దు దాటిపోతుంది అన్నాడు.

దారి మీద బతికేవాడికి దారి మూస్తే గిలగిల. నైజీరియా 2019 ఆగస్టులో సరిహద్దు మూసేసి 2020 డిసెంబర్ దాకా తెరవలేదు. 2023 జులైలో నైజర్‌లో సైన్యం గద్దెనెక్కితే ఆ వైపు సరిహద్దూ మూతపడింది, తర్వాత బెనిన్ తెరుస్తానన్నా నైజర్ ఒప్పుకోలేదు. ఇంతలో నైజర్ ఎడారిలోని చమురుని బెనిన్ తీరానికి తెచ్చే దాదాపు 2,000 కిలోమీటర్ల పైపులైను చైనావాళ్లు పూర్తి చేశారు, సరిహద్దు గొడవ ముదిరి ఆ చమురు ఓడెక్కించడం మీదే పెద్ద పేచీ అయ్యింది. ఉత్తరాన పెంజారి, డబ్ల్యూ అనే రెండు పెద్ద అడవులున్నాయి, అటువైపు సహారా ఎడారి అంచున ఉండే సాహెల్ ప్రాంతం నుంచి జిహాదీ ముఠాలు దిగుతున్నాయి, 2025 ఏప్రిల్‌లో ఒక్క రోజు దాడుల్లో 54 మంది సైనికులు చనిపోయారు. నేనున్నప్పుడు కూడా పరాకు దాటి పైకి వెళ్లొద్దని మాకు గట్టిగా చెప్పారు, నేనూ పెద్ద వీరుణ్ణేం కాదు, వెళ్లలేదు.

ఇక పరాకు. కొతొనూకి ఉత్తరాన నాలుగొందల కిలోమీటర్ల పైచిలుకు, ఎర్రమట్టి ఊరు. ఫ్రెంచివాళ్లు వేసిన రైలు పట్టాలు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయాయి, పట్టాలున్నాయి, నేనున్న రెండు సీజన్లలో వాటి మీద రైలు చూడలేదు. ఈ చుట్టుపక్కలంతా పత్తి, జీడి. పత్తిలో బెనిన్ ఆఫ్రికాలోనే ముందు వరసలో ఉంటుంది, 2020-21లో పంట ఏడు లక్షల టన్నులు దాటింది, 2016లో ప్రెసిడెంట్ అయిన పత్రీస్ తలోన్ కూడా పత్తి వ్యాపారంలో కోట్లు గడించినవాడే. జీడిని ఫ్రెంచిలో అనకార్ద్ అంటారు. ఫిబ్రవరిలో మొదలై మే, జూన్ దాకా పిక్కలు వస్తాయి. పల్లెల్లో తిరిగి రైతుల దగ్గర కొనేవాడిని పిస్తర్ అంటారు, మన దగ్గర కళ్లాల్లోకి వచ్చి అడ్వాన్సులిచ్చే దళారీకి ఫ్రెంచి పేరు పెట్టినట్టే, అదే బుజ్జగింపు, అదే తూకం దగ్గర తగువు.

నా పని కటింగ్ టెస్టు. లోడులోని బస్తాల్లోంచి బాంబీ అనే ఇనుప గొట్టంతో పొడిచి తీసిన పిక్కలన్నీ కలిపి అందులోంచి ఒక కిలో తీయాలి. ముందు లెక్కపెట్టాలి, కిలోకి రెండొందలకి అటూ ఇటూ ఉంటాయి, లెక్క పెరిగితే పిక్క చిన్నదని అర్థం. తర్వాత ఒక్కో పిక్కనీ నిలువుగా రెండు బద్దలు చెయ్యాలి, మంచివి ఒక కుప్ప, మచ్చలవి ఒక కుప్ప, తాలు, పుచ్చు ఇంకో కుప్ప. మంచి పప్పు బరువుకి మచ్చల పప్పులో సగం కలిపి 0.176తో గుణిస్తే 80 కిలోల బస్తాకి ఎన్ని పౌన్ల పప్పు వస్తుందో తేలుతుంది. 270 గ్రాములు వస్తే 47 పౌన్లు దాటినట్టు, సరుకు బంగారం. ఆ 80 కిలోల బస్తా మా ఉద్దానంలోనూ అదే, రైతులు ధర్నా చేసినా 80 కిలోల బస్తాకి ఇంత అనే అడుగుతారు. రోజంతా కోస్తే జీడి నూనెకి వేళ్ల తోలు ఊడి నల్లబడిపోతుంది, కొబ్బరినూనె రాసుకున్నా సరే. మా ఊళ్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను, అవి ఎందుకలా ఉంటాయో పరాకులో నా చేతులు చూసుకున్నాక గానీ సరిగ్గా బుర్రకెక్కలేదు.

ఒకసారి తడి సరుకు నా కళ్లు కప్పింది. మీటర్‌లో తేమ బాగానే చూపించింది, పైపై బస్తాలే ఆరబెట్టారని తర్వాత తెలిసింది, వారాలు సముద్రం మీద కంటెయినర్‌లో ఉడికి విశాఖలో దిగేసరికి ఐదు పౌన్లు పడిపోయింది. ఆ నెల జీతం కట్. సరేలెండి.

పరాకులో నన్ను బతురే అని పిలిచేవాళ్లు, కొతొనూలో అయితే యోవో. రెండింటికీ అర్థం ఒకటే, తెల్లోడు! మా ఇంట్లో కర్రోడా అని పిలిపించుకుని పెరిగిన నాకు పిల్లలు వెంటపడి "యోవో, యోవో, బోన్‌స్వార్" అని పాట పాడుతుంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. వీధిలో ఎవరు కనిపించినా పలకరింపు పెద్దది, నువ్వెలా ఉన్నావు, ఇల్లెలా ఉంది, పిల్లలెలా ఉన్నారు, పనెలా ఉంది, అన్నీ అయ్యాకే అసలు విషయం. గుమ్మంలోకి రాగానే "బొన్ అరివే" అని గ్లాసుడు మంచినీళ్లు చేతికిస్తారు. నేను మొదటిరోజు హడావిడిగా సరుకు సంగతి ఎత్తితే ఒక ముసలాయన మొహం తిప్పుకున్నాడు. మంచినీళ్లు తాగకుండా పని మాట్లాడేవాణ్ణి మా తాత కూడా ఇంట్లోకి రానివ్వడు, తప్పు నాదే.

తిండి దగ్గర నాకు ఇబ్బందే లేదు. పొద్దున్నే రోడ్డు పక్కన నూనెలో వేస్తారు చూడండి, బొబ్బర్లు నానబెట్టి రుబ్బి, అచ్చం మన బొబ్బర్ల గారెలే, చిల్లు ఒక్కటే తక్కువ. మధ్యాహ్నం పెండలం. మనం కూరలో రెండు ముక్కలేసే పెండలాన్ని వాళ్లు ఉడకబెట్టి పెద్ద రోట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు రోకళ్లతో దంచి సాగే ముద్ద చేస్తారు, పదకొండింటికల్లా వీధంతా ధబ్ ధబ్‌మని మోగుతుంది, ఆ చప్పుడు వింటే కడుపు దానంతటదే సిద్ధమవుతుంది. కర్రపెండలం తురిమి పులియబెట్టి వేయించిన రవ్వ గారి, నీళ్లూ పంచదారా వేరుశెనగలూ వేసుకుని తాగేస్తారు, ఎండాకాలానికి దాన్ని మించింది లేదు. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది వగాసి అనే జున్నుగడ్డ. పశువులు మేపే ఫులానీ ఆడవాళ్లు చేస్తారు, పైన ఎర్రటి రంగు, పన్నీరులా వేయించి పులుసులో వేస్తారు. పాలు దేనితో విరగ్గొడతారని అడిగితే ఒకామె పక్కనున్న చెట్టు ఆకు తెంపి చూపించింది. జిల్లేడు! పాలు కంట్లో పడితే చూపు పోతుందని మనం పిల్లల్ని బెదిరించే జిల్లేడు. నేను వారం రోజులు అనుమానంగా తిని, ఆ తర్వాత అనుమానం లేకుండా తిన్నాను.

డబ్బు చెయ్యి మారేదంతా ఆడవాళ్ల దగ్గరే అనిపిస్తుంది. కొతొనూలో మడుగు ఒడ్డున దాంతొక్పా అని పెద్ద మార్కెట్ ఉంది, బట్టల దగ్గర్నుంచి ఎండుచేపల దాకా బేరం చేసేది ఎక్కువగా ఆడవాళ్లే, కొందరి మాట మీద లారీలు కదుల్తాయి. బ్యాంకు కంటే చీటీ మీద నమ్మకం, దాన్ని టోంటిన్ అంటారు. రోజూ సాయంత్రం ఒకడొచ్చి తలా ఇంత వసూలు చేసి 31 గళ్ల కార్డు మీద ఒక్కో గడి కొట్టేస్తాడు, నెలాఖరుకి డబ్బంతా తిరిగిచ్చి ఒక రోజు డబ్బు తను ఉంచుకుంటాడు. మనం వడ్డీ అడుగుతాం, వాళ్లు దాచిపెట్టినందుకు ఎదురు ఇస్తారు. ఇదేం లెక్క అని మా గొడౌన్‌లో ఊడ్చే ఆవిడని అడిగితే, ఇంట్లో ఉంటే మొగుడు అడుగుతాడు, కార్డు మీద ఉంటే అడగడు అంది.

చావులు శనివారం చేస్తారు. మన దగ్గర శనివారం పీనుగ తోడు కోరుతుందని కోడిని కట్టి పంపిస్తారు, అక్కడ ఉద్యోగాలవాళ్లు, దూరం చుట్టాలు అందరూ రావాలని వారాలకి వారాలు శవాన్ని మార్చురీలో ఉంచి మరీ శనివారం పెట్టుకుంటారు. కుటుంబమంతా ఒకే డిజైన్ బట్ట కుట్టించుకుంటుంది, టెంట్లు, బ్యాండు, భోజనాలు. ఖర్చుకి అప్పులే. మా డ్రైవర్ తన మామగారి కార్యానికి బైక్ అమ్మేశాడు, అడిగితే మీ పెళ్లిళ్లకి మీరు చేసేదేంటి అన్నాడు, నా దగ్గర జవాబు లేదు.

వొదూన్ అనే వీళ్ల పాత మతం గురించి చెప్పకపోతే బెనిన్ గురించి చెప్పినట్టే కాదు. సినిమాల్లో సూదులు గుచ్చే బొమ్మలుగా చూపించేది దీన్నే, పుట్టిల్లు ఈ తీరమే. క్రైస్తవులు, ముస్లింలు చాలామందే ఉన్నారు, చర్చికి వెళ్లేవాడే సాయంత్రం వొదూన్ పూజారి దగ్గర కూర్చోవడం కూడా మామూలే. జనవరిలో వొదూన్ పండగకి దేశమంతా సెలవు. దక్షిణాన వాకిళ్ల దగ్గర మట్టితో చేసి పామాయిల్ పోసిన లెగ్బా ఉంటాడు, గుమ్మానికి కాపలా, మా ఊరి పొలిమేరలో పోతురాజు నించున్నట్టే. మశూచికి ఒక దేవుడున్నాడు, సక్పాటా, భూమికీ ఆయనే దేవుడు, పేరు పలకడానికి కూడా జంకుతారు. మనవాళ్లు మశూచిని అమ్మవారు అన్నారు, జబ్బు పేరు నోటితో అనలేదు. ఇవి రెండూ ఒకదాన్నుంచి ఒకటి వచ్చాయని నేననను, ఎవరి భయం వాళ్లది, కానీ విధానం మాత్రం ఎంత దగ్గరో. పోర్తో-నోవో వైపు జాంగ్బెతో అని రాత్రి కాపలా దేవుడు తిరుగుతాడు, గడ్డివామి లేచి గిర్రున తిరుగుతూ వీధిలోకి వచ్చినట్టుంటుంది.

విదా అనే ఊళ్లో ఒక గుడిసె గుడిలో నిలబడిపోయాను. గోడ మీద మన లక్ష్మీదేవి కేలండర్ ఫొటో, పక్కన మెడలో పాములున్న ఆడమనిషి బొమ్మ. ఆమె మామీ వాటా, నీళ్ల దేవత, డబ్బిస్తుందని నమ్మకం. ఆ పాముల బొమ్మ మొదట జర్మనీలో అచ్చయింది, 1955లో బొంబాయిలో ఒక కేలండర్ కంపెనీ దాన్ని మళ్లీ అచ్చువేసి ఇటు పంపింది, అలాగే మన దేవుళ్ల ఫొటోలు కూడా వచ్చి ఈ గుళ్లలో చేరిపోయాయి. పూజారి నన్ను చూసి, ఈమె మీ దేశం మనిషే కదా అని లక్ష్మిని చూపించాడు. అవును అన్నాను, దండం పెట్టాను, ఇంకేం చేస్తాం.

అదే ఊళ్లో సముద్రం ఒడ్డున 'తిరిగిరాని ద్వారం' ఉంది. లక్షలమందిని గొలుసులతో ఓడలెక్కించిన తీరం. యూరప్‌వాళ్లు కొన్నారు, పట్టి అమ్మినవాళ్లలో దహోమీ రాజులు ముందుంటారు, బెనిన్‌వాళ్లు దీన్ని పూర్తిగా దాచరు, అలాగని మనసు విప్పి మాట్లాడనూ మాట్లాడరు, ఎందుకంటే అమ్మినవాళ్ల మనవలూ, అమ్ముడుపోయినవాళ్ల బంధువులూ ఇప్పుడు ఒకే వీధిలో ఉన్నారు. ఆ దహోమీకే ఆడ సైన్యం ఉండేది, 2022లో కొతొనూలో 30 మీటర్ల ఎత్తున ఆ సైనికురాలి విగ్రహం పెట్టారు. 1890లలో ఫ్రెంచి సైన్యం బెహాంజిన్ రాజుని ఓడించి కోట దోచుకుంది, అందులో 26 వస్తువుల్ని 2021 నవంబర్‌లో ఫ్రాన్స్ తిరిగిచ్చింది, గేజో రాజు సింహాసనంతో సహా. నేను మొదటిసారి దిగినప్పుడు వాటిని ప్రెసిడెంట్ భవనంలో ప్రదర్శనకి పెట్టారు, మా డ్రైవర్ కుటుంబం మంచి బట్టలు వేసుకుని వెళ్లి లైన్లో నించుని చూసొచ్చింది. మన కొల్లూరు కోహినూర్ సంగతి ఎత్తితే ఓపిక పట్టండి అని ఓదార్చాడు.

రాజకీయం రెండు ముక్కల్లో చెప్తా. 1960లో స్వాతంత్ర్యం, వరసగా తిరుగుబాట్లు, 1972లో కేరేకూ అనే సైనికాధికారి వచ్చి మార్క్సిజం అన్నాడు, 1989కల్లా ఖజానా ఖాళీ. 1990లో అందరినీ కూర్చోబెట్టి జాతీయ సమావేశం పెడితే అది ఆయన అధికారాన్నే లాగేసుకుంది, 1991 ఎన్నికల్లో ఓడి దిగిపోయాడు, 1996లో మళ్లీ ఓట్లతోనే గెలిచొచ్చాడు. ఆ రోజుల గురించి పెద్దవాళ్లు గర్వంగా చెప్తారు. ఇప్పటి సంగతి అడిగితే చుట్టూ చూసి, రోడ్లు బాగా వేశారు అని ఆపేస్తారు. రోడ్లు నిజంగానే బాగున్నాయి.

2024 ఏప్రిల్ 1 నుంచి పచ్చి పిక్కల ఎగుమతి బంద్. పిక్కలు మీకెందుకు అమ్మాలి, పప్పు మేమే తీసి అమ్ముకుంటాం అన్నది వాళ్ల మాట. కొతొనూ దగ్గర గ్లో-జిగ్బే అని పెద్ద పారిశ్రామికవాడ కట్టారు, అక్కడ పిక్కలు కొట్టే ఫ్యాక్టరీలు, పత్తితో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. మా వ్యాపారి తిట్టుకున్నాడు, నా పని పోయింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. అయితే మా పలాస ఇన్నేళ్లు బతికింది ఆ పనితోనే కదా, పిక్క ఎవడిదైనా కొట్టి, తొక్క తీసి, గ్రేడు కట్టి అమ్మినవాడికే మిగులు. పరాకు దగ్గర ఒక రైతు ఇంట్లో నేను కోసి చూపించిన పప్పు వేయించి ఇస్తే ఆయన భార్య నోట్లో వేసుకుని, ఇది ఇలా ఉంటుందా అంది. వాళ్లకి ఇరవై ఏళ్ల తోట ఉంది, పండు తింటారు, రసం తాగుతారు, పిక్క మాత్రం బస్తాలోకే. అక్కడ కొనేవాళ్లు గ్రామీణ రైతుకి ఇప్పుడు ఎక్కువ ఇస్తున్నారా అంటే, పోటీకి విదేశీ కొనుగోలుదారు లేకపోయేసరికి రేటు తగ్గించి అడుగుతున్నారని మా డ్రైవర్ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఒక్క మనిషి మాటే అది, అన్ని ఊళ్లలో అంతేనేమో నేను చూడలేదు.

బంద్ సంగతి నాన్నకి చెప్పినప్పుడు తోటలో కొత్తగా వేసిన అంట్లకి నీళ్లు పెడుతున్నాడు. "అయితే ఈ యేడు మన పిక్కలకి రేటొస్తదా?" అన్నాడు.

"రాదేమో నాన్నా, ఐవరీ కోస్ట్ నుంచి వస్తున్నాయి."

బిందె కింద పెట్టి, "అదెంత ఉంటది?" అని అడిగాడు.

"మూడు బెనిన్లంత."